రిపోర్టు నార్మల్, ఒళ్లంతా నొప్పి: కొరియా వైద్యం ఏమంటుంది?

సియోల్‌లో ఏ పేటలో తిరిగినా, కింద బేకరీయో మందుల షాపో ఉన్న భవనంలో, పై అంతస్తున ఒక హనుయివోన్ బోర్డు కనిపిస్తుంది. కొరియా సంప్రదాయ వైద్యం చేసే క్లినిక్ అది. సూదులు, మోక్సా పొగ, వీపు మీద కప్పులు, కషాయం ప్యాకెట్లు అన్నీ అక్కడే. వచ్చేవాళ్లలో ఎక్కువమందివి నడుము, మెడ, మోకాలి నొప్పులు. వాళ్లతో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా చంకలో లావుపాటి ఫైలు పెట్టుకుని వచ్చేవాళ్లతోనే. ఎమ్మారై అయింది, రక్తపరీక్షలు అయ్యాయి, న్యూరాలజిస్టు చూశారు, రుమటాలజిస్టు చూశారు. ‘ఏమీ లేదమ్మా, అంతా నార్మల్’ అన్నారు. ఒళ్లు మాత్రం సలుపుతూనే ఉంది. నిద్ర పట్టదు, తిన్నది అరగదు. మొహంలోకి ఆవిర్లు కొడతాయి, పాదాలు మంచులా ఉంటాయి. గభాలున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఇలాంటి రోగికి ఆ క్లినిక్‌లో ఇప్పుడు నాడి చూడటానికి ముందే ఇంకో పని జరుగుతుంది. వేలికి ఒక క్లిప్పు తగిలించి కొన్ని నిమిషాలు కదలకుండా కూర్చోబెడతారు. గుండె కొట్టుకునే వ్యవధిలో క్షణక్షణానికీ వచ్చే తేడాలను యంత్రం లెక్కగట్టి రంగుల కాగితం ఇస్తుంది. ఒంటిని ఉరికించే సింపథటిక్ నాడులు ఇంత, నెమ్మదింపజేసే పారాసింపథటిక్ ఇంత, ఒత్తిడి స్థాయి ఇంత, అలసట ఇంత. దాన్ని చూపించి డాక్టరు చెప్పే మాట ‘జాయుల్ సింగ్యోంగ్’ దెబ్బతిందని. అంటే స్వయంచోదిత నాడీ వ్యవస్థ. ఏళ్ల తరబడి ‘ఏమీ లేదు’ అనిపించుకున్న మనిషి చేతికి ‘ఇదిగో, ఉంది’ అనే కాగితం వచ్చిందన్నమాట. ఆ ఊరట చిన్నది కాదు.

ఆ మాట ఎంతవరకు నిజం, ఆ వైద్యం ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ తేలిపోతుంది అన్నది అసలు విచారణ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొరియా వైద్యుడి దగ్గర విలువైనవి ఆ యంత్రానికంటే ముందునుంచీ ఉన్న ప్రశ్నలు. యంత్రం వచ్చాక వాటికి గౌరవం పెరగాల్సింది పోయి తగ్గింది.

ముందు ఆధునిక వైద్యం ఈ నొప్పిని ఏమంటోందో చూద్దాం. చాలాకాలం నొప్పికి రెండే గదులుండేవి. కణజాలం దెబ్బతింటే వచ్చేది ఒకటి, నరమే దెబ్బతింటే వచ్చేది ఇంకొకటి. రెండింట్లోనూ ఇమడనిది ‘మనసులోది’ అయిపోయేది. 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం మూడో గది తెరిచింది, నోసిప్లాస్టిక్ అని. దెబ్బా కనిపించదు, నరం తెగిన జాడా ఉండదు, నొప్పిని మోసే, పెంచే, తగ్గించే యంత్రాంగమే పట్టు తప్పుతుంది. ఒళ్లంతా నొప్పులతో వేధించే ఫైబ్రోమయాల్జియా దీనికి మొదటి ఉదాహరణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో ‘క్రానిక్ ప్రైమరీ పెయిన్’ అని విడిగా చోటిచ్చారు. మూడు నెలలు దాటి ఉండి, బతుకును ఇబ్బంది పెడుతూ, ఇంకే జబ్బుతోనూ సరిగా వివరించలేని నొప్పి అది. అంటే కారణం దొరకకపోయినా నొప్పే జబ్బని వైద్యశాస్త్రం అధికారికంగా ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి చాలా ఆలస్యమైందనుకోండి.

మరి ఇందులో స్వయంచోదిత నాడులకేం పని? ఆ పేరు పెట్టింది కేంబ్రిడ్జి శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ, 1898లో. గుండె వేగం, రక్తనాళాల బిగువు, చెమట, కంటిపాప, పేగుల కదలిక, మూత్రాశయం, మనం తలుచుకోకుండానే నడిచే పనులన్నీ దాని చేతిలో ఉన్నాయి. నొప్పి దారులూ ఈ దారులూ మెదడు కాండంలో ఒకే చోట కలుసుకుంటాయి. రక్తపోటు పెరిగిన క్షణంలో ఆరోగ్యవంతుడికి నొప్పి కాస్త తక్కువ తెలుస్తుంది. నాళాల్లోని పీడన గ్రాహకాలు మెదడుకు కబురు పంపి నొప్పిని అణిచే ఏర్పాటు అది. దీర్ఘకాలం నొప్పితో ఉన్నవాళ్లలో ఈ ఏర్పాటు బలహీనపడుతుంది. నిద్ర సంగతీ అంతే. టొరంటోలో హార్వీ మోల్డాఫ్‌స్కీ బృందం 1975లో కొద్దిమంది ఆరోగ్యవంతులకు గాఢనిద్ర మాత్రం పట్టకుండా చేసి చూసింది. కొన్ని రాత్రులకే వాళ్లకు ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి, కండరాలు నొక్కితే నొప్పి తెలిసింది. నొప్పి వల్ల నిద్ర చెడటం అందరికీ తెలిసిందే. నిద్ర చెడితేనే నొప్పి పుట్టొచ్చన్నది అక్కడ తేలిన సంగతి. మెక్సికో రుమటాలజిస్టు మాన్యుయెల్ మార్టినెజ్ లావిన్ ఇంకో అడుగు ముందుకేసి, ఫైబ్రోమయాల్జియా అంటేనే సింపథటిక్ నాడులు నిలబెట్టే నొప్పి అని వాదించాడు. ఆ వాదనను అందరూ ఒప్పుకోలేదు గానీ, ఈ రోగుల్లో స్వయంచోదిత నాడులు మామూలుగా లేవన్నదాన్ని కాదనేవాళ్లు తక్కువ.

ఇక కొరియా వైపు. ఆ వైద్యానికి మూలస్తంభం ‘డోంగుయి బోగమ్’. రాజు సోన్‌జో ఆజ్ఞతో 1596లో మొదలైంది. జపాన్ దండయాత్రల మధ్య పని ఆగింది. చివరికి రాజవైద్యుడు హో జున్ ఒక్కడే 1610లో పూర్తిచేశాడు, 1613లో అచ్చయింది. ఇరవై అయిదు సంపుటాలు. 2009లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ జాబితాకెక్కింది. ఈ గ్రంథంలో నాకు ఆసక్తి కలిగించేది దాని అమరిక. నడుము నొప్పి, మెడ నొప్పి, చేయి, కాలు, ఇవన్నీ రెండో భాగంలో, బయటి శరీరం కింద వస్తాయి. మొదటి భాగం లోపలి శరీరం. అందులో ప్రాణసారం, కి అనే ప్రాణశక్తి, మనసు, నెత్తురు, ఆ తర్వాత కలలూ నిద్రా, గొంతు, చెమటా ఇతర ద్రవాలూ, కఫం, మూత్రం, మలం, ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం. ఎక్కడ నొప్పి అని చూసేముందు నిద్ర ఎలా ఉంది, చెమట ఎలా పడుతోంది, విరేచనం ఎలా అవుతోంది అని చూడాలన్నది ఆ అమరికలోనే ఉంది.

దీనికి తోడు చైనా మింగ్ కాలపు వైద్యుడు ఝాంగ్ జియెబిన్ కూర్చిన ‘పది ప్రశ్నలు’ కొరియా వైద్య విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటారు. చలా వేడా, చెమట, తల, ఒళ్లు, మలమూత్రాలు, తిండి, ఛాతీ, చెవి, దాహం వగైరా. ఇప్పుడు దీని పక్కన అమెరికాలోని మేయో క్లినిక్ 2012లో ప్రకటించిన కంపాస్-31 ప్రశ్నావళిని పెట్టి చూడండి. స్వయంచోదిత నాడుల లోపాన్ని రోగి మాటల్లోంచి అంచనా వేయడానికి చేసింది అది. ముప్ఫై ఒక్క ప్రశ్నలు, ఆరు విభాగాలు: నిలబడితే కళ్లు తిరగడం, చర్మం రంగు మారడం, చెమటా నోటి తడీ, జీర్ణం, మూత్రాశయం, కంటిపాప. సగానికి పైగా పాత పాఠమే.

ఇక్కడ ఒక జాగ్రత్త. హో జున్‌కు సింపథటిక్ నాడులు తెలుసని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవాలి. ఆయనకు నరాల పటం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. రోగి చెప్పే ఏ ఫిర్యాదు ఏ ఫిర్యాదుతో జతకడుతుందో తరాల తరబడి గమనించి ఒకచోట రాసిపెట్టాడు. ఆ జతలు నిజమైనవి. వాటికి చెప్పిన కారణాలు ఆ కాలానివి.

ఆ జతల్లో ఒకటి కొరియాలో ఇంటింటి మాట. పైన వేడి, కింద చలి. మొహం, ఛాతీ మండుతుంటాయి, పొత్తికడుపు, పాదాలు చల్లగా ఉంటాయి. నీరు పైకెక్కాలి, నిప్పు కిందికి దిగాలి, అదే ఆరోగ్యం అంటారు. ఇప్పుడు క్లినిక్కుల్లో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో ఒంటి ఫోటో తీసి, ఎర్రటి మొహాన్నీ నీలం పాదాలనూ తెర మీద చూపిస్తారు. పాదాలు నీలంగా రావడానికి గది చల్లగా ఉండటం, రోగి అప్పుడే సిగరెట్ తాగి రావడం, ఊరికే కంగారు పడటం, ఏదైనా చాలు. అయినా రోగి ‘నా పాదాలు ఎప్పుడూ చల్లగా ఉంటాయండీ’ అన్నప్పుడు పక్కకు నెట్టేయకుండా దాన్ని నొప్పితో కలిపి చదివే పద్ధతి ఒకటి ఉండటం మంచిదే.

కొరియన్ సీరియళ్లు చూసేవాళ్లకు ఒక దృశ్యం బాగా పరిచయం. కొడుకు మాట వినలేదని అత్తగారు నుదుటికి తెల్లగుడ్డ కట్టుకుని మంచమెక్కడం. దాని వెనక ఉన్న జబ్బు హ్వాబ్యుంగ్. ఏళ్ల తరబడి అన్యాయాన్ని నోరుమూసుకుని భరించిన మనిషికి, ఎక్కువగా నడివయసు స్త్రీకి, ఛాతీలో బరువు, గొంతులో ఏదో అడ్డు, లోపల్నుంచి మంట, గుండెదడ, ఊరకూరకే నిట్టూర్పులు, ఒళ్లంతా నొప్పులు. యోన్‌సే విశ్వవిద్యాలయ మానసిక వైద్యుడు మిన్ సోంగ్-గిల్ దీన్ని దశాబ్దాలపాటు అధ్యయనం చేశాడు. 1994లో అమెరికన్ మానసిక వైద్యుల నాలుగో మాన్యువల్ దీన్ని అనుబంధంలో, ఒక సంస్కృతికి కట్టుబడ్డ రుగ్మతల జాబితాలో చేర్చింది. హనుయిసా, అంటే కొరియా వైద్యుడు, దీన్ని పట్టుకునే తీరు చూడదగ్గది. రెండు రొమ్ముల మధ్య, ఛాతీ ఎముక మీద ‘దాన్‌జుంగ్’ అనే బిందువును బొటనవేలితో నొక్కుతాడు. చిన్న ఒత్తిడికే రోగి ఉలిక్కిపడితే అతనికి అది బలమైన సూచన. ఇప్పుడు వేలికి బదులు ఒత్తిడి కొలిచే పరికరంతో నొక్కి, ఎంత బలానికి నొప్పి పుట్టిందో అంకె రాసుకుంటున్నారు. ఫైబ్రోమయాల్జియాకు అమెరికన్ రుమటాలజీ కాలేజీ 1990లో పెట్టిన నిబంధన కూడా నొక్కి చూడటమే: పద్దెనిమిది చోట్ల నొక్కితే కనీసం పదకొండు నొప్పి పుట్టాలి. రుమటాలజిస్టులు 2010 కొలమానాల్లో ఆ నొక్కుడు వదిలేసి నొప్పి ఎన్ని చోట్ల, నిద్ర ఎలా ఉంది, అలసట ఎంత అని అడగడం మొదలుపెట్టారు. వాళ్లు వేలి నుంచి ప్రశ్నకు వస్తుంటే, హనుయిసాలు ప్రశ్న నుంచి పరికరానికి పోతున్నారు.

అలాంటి జతలకు ఇంకో ఉదాహరణ సాన్‌హుపుంగ్, కాన్పు తర్వాత పట్టే గాలి. కాన్పయిన నెలల్లో కీళ్లు లాగుతాయి, ఎముకల్లోకి గాలి దూరుతున్నట్టుంటుంది, చెమటలు పోస్తాయి, మరుక్షణం వణుకు. ఎండాకాలంలో కూడా మేజోళ్లు తొడుక్కుంటారు. అందుకే బాలింతకు సముద్రపు నాచు సూపు, వెచ్చటి నేల, చన్నీళ్లు ముట్టకపోవడం, ఇరవై ఒక్క రోజుల కట్టుబాటు. తెలుగింట ఈ మాట వింటే ఎవరైనా తలూపుతారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కాయం ముద్ద, ‘ఇప్పుడు చలిగాలి తగిలితే ముసలితనంలో వాతం నొప్పులు పట్టుకుంటాయే’ అన్న అమ్మమ్మ హెచ్చరిక. వేల మైళ్ల దూరంలో ఉన్న రెండు జాతులు ఒకే జాగ్రత్తకు వచ్చాయంటే గమనించింది ఏదో ఉందనే అర్థం. కాన్పుతో ఈస్ట్రోజెన్ అమాంతం పడిపోతుంది, ఒంటి ఉష్ణోగ్రతను సర్దే వ్యవస్థ తడబడుతుంది, నిద్ర ముక్కలవుతుంది, బిడ్డను మోసే మణికట్టూ నడుమూ అరుగుతాయి. గాలి నిందితురాలు కాదు, సాక్షి మాత్రమే. అయితే అదే నెలల్లో థైరాయిడ్ గ్రంథి వాచే జబ్బు రావచ్చు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ మొదలవచ్చు. సాన్‌హుపుంగ్ అనుకునో, బాలింత వాతం అనుకునో ఒక రక్తపరీక్ష మానేస్తే నష్టం అక్కడే.

ఇప్పుడు ఆ రంగుల కాగితం సంగతి. గుండె వేగంలో తేడాలను కొలవడం బూటకం కాదు. యూరోపియన్ హృద్రోగ సంఘం, ఉత్తర అమెరికా గుండె లయ వైద్యుల సంఘం కలిసి 1996లోనే దానికి ప్రమాణాలు రాశాయి. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లలో ఈ తేడాలు సగటున తక్కువని చాలా పరిశోధనలు చూపించాయి. ఆ సగటు దగ్గరే గొడవ. గుంపుకూ గుంపుకూ తేడా ఉంది గానీ, రెండు గుంపుల్లోని మనుషులు చాలావరకు కలగాపులగం. ఒక్క మనిషి కాగితం పట్టుకుని ‘నీ నొప్పికి కారణం ఇదిగో’ అనే హక్కు ఆ అంకెలకు లేదు.

ఇంకా లోతుకు వెళ్తే చిక్కు పెరుగుతుంది. కాగితం మీద ‘సింపథటిక్’ అని చూపేది సాధారణంగా 0.04 నుంచి 0.15 హెర్ట్జ్ మధ్య ఉండే నెమ్మది అలల కొలత. ‘పారాసింపథటిక్’ అని చూపేది 0.15 నుంచి 0.4 వరకు ఉండే వేగపు అలలు, శ్వాసతో పాటు ఊగేవి. నిమిషానికి ఆరుసార్లు నింపాదిగా ఊపిరి తీసేవాడి శ్వాస 0.1 హెర్ట్జ్. అది పోయి నెమ్మది అలల గదిలో పడుతుంది. అంటే ప్రాణాయామం చేస్తూ ప్రశాంతంగా కూర్చున్న మనిషి యంత్రానికి సింపథటిక్ రెచ్చిపోయినవాడిగా కనబడతాడు. ఈ రెండింటి నిష్పత్తి నాడుల తూకాన్ని చెబుతుందన్న నమ్మకాన్ని శరీరధర్మ శాస్త్రవేత్తలు చాలాకాలంగా తప్పుపడుతున్నారు. మందుల సంగతి సరేసరి. ఇలాంటి నొప్పికి తరచూ రాసే అమిట్రిప్టిలిన్ ఒక్కటే ఈ తేడాలను తగ్గించేస్తుంది. సన్నబడటానికి కొరియాలో విరివిగా తాగే కషాయాల్లో ఎఫెడ్రా ఉంటుంది, అది నేరుగా సింపథటిక్ ఉత్తేజకం. ఒక క్లినిక్‌లో ఆ కషాయం తాగి, ఇంకో క్లినిక్‌లో గుండెదడ అని వేలికి క్లిప్పు పెట్టించుకుంటే ఏం వస్తుందో చెప్పడానికి యంత్రం అక్కర్లేదు.

అయినా యంత్రాలకు తిరుగులేని ఆకర్షణ ఉంది. 1950లో జపాన్ వైద్యుడు నకతాని చర్మపు విద్యుత్ వాహకత కొలిచే ర్యోదొరాకు పద్ధతి తెచ్చాడు, కొరియా క్లినిక్కుల్లో అది ఇప్పటికీ ఉంది. ఉత్తర కొరియాలో 1960ల మొదట్లో కిమ్ బోంగ్-హాన్ అనే శాస్త్రవేత్త మెరిడియన్లకు, అంటే ప్రాణశక్తి పారుతుందని ఆ వైద్యం చెప్పే దారులకు, శరీరంలో నిజమైన గొట్టాలున్నాయని ప్రకటించాడు. కొన్నేళ్లకు ఆయన పేరే వినబడకుండా పోయింది. 2000 తర్వాత సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త సో క్వాంగ్-సోప్ ఆ వెతుకులాటను మళ్లీ మొదలుపెట్టాడు. శరీర నిర్మాణ శాస్త్రం దాన్ని తనలో కలుపుకోలేదు. కంటికి కనబడేది చూపిస్తే తప్ప గౌరవం రాదన్న తాపత్రయం ఆ వైద్యానికి పాతదే. ఆ తాపత్రయంలో న్యాయమూ ఉంది. 2022 డిసెంబరులో కొరియా సుప్రీంకోర్టు హనుయిసా అల్ట్రాసౌండ్ వాడటం వైద్య చట్టానికి విరుద్ధం కాదంది. మరుసటి ఏడాది మెదడు తరంగాల యంత్రం విషయంలోనూ అదే ధోరణి. అల్లోపతి డాక్టర్ల సంఘం భగ్గుమంది. యంత్రం ఎవరి చేతిలో ఉండాలన్నదాని మీద జరిగినంత పోట్లాట, యంత్రం చెప్పింది ఎంత నమ్మాలన్నదాని మీద జరగలేదు.

చికిత్సకు వద్దాం. సూదులు నొప్పిని తగ్గిస్తాయా? తగ్గిస్తాయి. సూది గుచ్చిన చోటు, గుచ్చిన తీరు వల్లే తగ్గుతుందా? ఇక్కడే జవాబు తడబడుతుంది. జర్మనీలో 1,162 మంది నడుము నొప్పి రోగుల మీద జరిగి 2007లో వెలువడిన గెరాక్ పరీక్షలో సరైన బిందువుల్లో సూదులు పెట్టినవాళ్లలో 47.6 శాతానికి గుణం కనిపించింది. బిందువులు కాని చోట పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతానికి. మామూలు మందులూ వ్యాయామాలతో 27.4 శాతానికి. ఈ మూడంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఈ రంగం మొత్తం తెలిసిపోతుంది. సూది వైద్యం మామూలు వైద్యాన్ని చిత్తు చేసింది, ఉత్తుత్తి సూదిని మాత్రం దాటలేకపోయింది. ఫైబ్రోమయాల్జియా మీద 2013 కోక్రేన్ సమీక్ష, తొమ్మిది పరీక్షలు, 395 మంది, ఇంచుమించు అదే చెప్పింది. సూదులకు చిన్నపాటి విద్యుత్తు కలిపితే మాత్రం ఫలితం కాస్త మెరుగు. 20,827 మంది రోగుల వివరాలను విడివిడిగా కలిపి లెక్కించిన 2018 విశ్లేషణలో అసలు సూది ఉత్తుత్తి సూదికంటే మెరుగే గానీ, తేడా చిన్నది.

నాడుల కోణంలో చూస్తే, ఇటీవల వచ్చిన గట్టి పని ఎలుకల మీద జరిగింది. హార్వర్డ్‌లో చ్యూఫు మా బృందం 2021లో, మోకాలి కింద ఉండే, కొరియాలో ‘జోక్‌సామ్ని’ అని పిలిచే బిందువు దగ్గర తక్కువ విద్యుత్తు ఇస్తే కబురు వేగస్ నరం ద్వారా అడ్రినల్ గ్రంథికి చేరి వాపును అణుస్తుందని చూపించింది. అదే విద్యుత్తు పొట్ట మీది బిందువులో ఇస్తే ఆ దారి తెరుచుకోలేదు. ఎందుకంటే ఆ పని చేసే ప్రత్యేక నరాల కణాలు కాలి లోపలి పొరల్లో ఉన్నాయి, పొట్ట దగ్గర లేవు. చోటు ముఖ్యమే అనడానికి ఇంత స్పష్టమైన రుజువు ఇదివరకు లేదు. కాకపోతే అది విషపదార్థంతో ఎలుకల్లో తెప్పించిన వాపు. పదేళ్లుగా ఒళ్లునొప్పులున్న నలభై అయిదేళ్ల మనిషికి దాన్ని అన్వయించాలంటే మధ్యలో చాలా మెట్లున్నాయి. క్లినిక్ గోడలకు అంటించే పోస్టర్లలో ఆ మెట్లు కనబడవు.

మరి ఉత్తుత్తి సూది అంత బాగా ఎందుకు పనిచేసింది? హార్వర్డ్‌లోనే టెడ్ కాప్‌చుక్ బృందం పేగుల బాధ ఉన్న 262 మంది మీద ఒక పరీక్ష చేసి 2008లో ప్రచురించింది. చికిత్స పేరుతో ఇచ్చింది ఉత్తుత్తి సూదే. ఊరికే ఎదురుచూసినవాళ్లలో 28 శాతానికి తృప్తికరమైన ఉపశమనం. ముభావంగా సూది పెట్టి పంపేస్తే 44 శాతానికి. కూర్చోబెట్టి, బాధ అడిగి, విని, చేయి పట్టుకుని మాట్లాడి అదే ఉత్తుత్తి సూది పెడితే 62 శాతానికి. 2020లో ఇంకో బృందం దీర్ఘకాల నొప్పి రోగినీ, సూది వైద్యుడినీ ఒకేసారి రెండు స్కానర్లలో పడుకోబెట్టి, వీడియోలో ఒకరి మొహం ఒకరికి చూపిస్తూ మెదళ్లను గమనించింది. ముందే పరిచయమై మాట్లాడుకున్న జంటల్లో ఇద్దరి మెదళ్లూ ఒకే లయలో కదిలాయి. ఆ లయ ఎంత కలిస్తే నొప్పి అంత తగ్గింది. దీన్ని ‘ఒట్టి ప్లాసిబో’ అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ. భయం తగ్గడం, గుండె నెమ్మదించడం, కడుపు సడలడం ఇవన్నీ స్వయంచోదిత నాడులు చేసే పనులే కదా. పేరున్న ఆసుపత్రిలో మూడు నిమిషాలు, హనుయివోన్‌లో పడక మీద అరగంట, వేడి ప్యాక్, పొత్తికడుపు తడిమి చూసే చేయి, నిద్ర గురించి ప్రశ్న. చికిత్సలో సగం ఈ ఏర్పాటే. దాన్ని ఒప్పుకోవడానికి ఇరువైపులా సిగ్గుపడుతున్నారు.

బ్రిటన్‌లో నైస్ సంస్థ 2021 ఏప్రిల్‌లో కారణం తేలని దీర్ఘకాల నొప్పికి మార్గదర్శకాలిస్తూ పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కోవ, ఓపియాయిడ్లు, గాబపెంటిన్ కోవ మందులు మొదలుపెట్టవద్దంది. వ్యాయామం, మాటల చికిత్స, కొన్ని యాంటీడిప్రెసెంట్లు, సూది వైద్యం చూడమంది. హనుయిసాలకు ఇది పండగ. అయితే యూరోపియన్ రుమటాలజీ సంఘం ఫైబ్రోమయాల్జియా సిఫార్సుల్లో ‘గట్టిగా చేయండి’ అన్నది ఒక్కదానికే, అది వ్యాయామం. సూది వైద్యానికి ఇచ్చింది బలహీనమైన సిఫార్సు. పడక మీద పడుకోబెట్టి సూదులు గుచ్చే వైద్యంలో రోగి చేయాల్సిన పని తక్కువ. కొరియా క్లినిక్‌లో నాకు కనబడే పెద్ద లోటు అదే. ఆపకుండా రమ్మంటారు గానీ, మెల్లగా నడక మొదలుపెట్టి పెంచుకునే పథకం చేతికిచ్చి పంపేవాళ్లు తక్కువ.

దీనికి డబ్బుతో సంబంధముంది. 1987 నుంచి సూదులు, మోక్సా, కప్పింగ్ జాతీయ ఆరోగ్య బీమాలో ఉన్నాయి. 2019 ఏప్రిల్ నుంచి చునా, అంటే చేత్తో ఎముకలూ కండరాలూ సర్దే వైద్యం, కూడా చేరింది. అరవై అయిదు దాటినవాళ్లకు బిల్లు 15,000 వోన్లు మించకపోతే కట్టేది 1,500 వోన్లే. అందుకే మధ్యాహ్నం పూట పడకలన్నీ పెద్దవాళ్లతో నిండుతాయి. కానీ ‘నాడుల తూకం’ సరిచేస్తామంటూ ఇచ్చే నెల కషాయానికి సాధారణంగా బీమా రాదు, ఖర్చు లక్షల వోన్లలో ఉంటుంది. కషాయాలకు బీమా ఇచ్చే ప్రయోగాత్మక పథకం 2020 నవంబరులో మొదలైంది. మొదట మూడు జబ్బులకు: మూతి వంకరపోయే పక్షవాతం, నెలసరి నొప్పి, పెద్దవాళ్లలో పక్షవాతం మిగిల్చిన ఇబ్బందులు. 2024లో నడుము డిస్కు, అజీర్ణం, ముక్కు అలర్జీ చేరాయి. కారణం తెలియని నొప్పికి చోటు రాలేదు. మరో వాకిలి కార్ల బీమా. 1999 నుంచి అది కొరియా వైద్యానికి డబ్బిస్తోంది. వెనక నుంచి కారు తగిలింది, ఎక్స్‌రేలో ఏమీ లేదు, మెడా వీపూ తలా నొప్పి, నిద్ర లేదు. సరిగ్గా మన రోగే. 2021 నాటికి కార్ల బీమాలో కొరియా వైద్యం బిల్లు అల్లోపతి బిల్లును మించిపోయింది. బీమా కంపెనీలు దొంగనొప్పులంటాయి, హనుయిసాలు మీ ఎక్స్‌రేకి కనబడదంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది, రోగి మధ్యలో నలుగుతాడు.

‘నాడుల తూకం తప్పింది’ అన్న మాటకు ఇంకో ప్రమాదముంది. అక్కడితో వెతకడం ఆగిపోతుంది. 2013లో బోస్టన్‌లో ఫైబ్రోమయాల్జియా రోగుల చర్మపు ముక్కలు పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా సన్నని నరాల కొసలు రాలిపోయి ఉన్నాయి. మామూలు నరాల పరీక్షకు అవి అందవు. 2021లో బ్రిటన్, స్వీడన్ బృందాలు రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకెక్కిస్తే ఎలుకలకూ నొప్పి సున్నితత్వం వచ్చింది. అంటే కొందరిలో ఇది రోగనిరోధక వ్యవస్థ చేసే పని కావచ్చు. ‘కారణం లేని నొప్పి’ అనే గంపలోంచి ఒక్కొక్కటీ బయటపడుతున్న కాలమిది. అందుచేత బరువు తగ్గడం, రాత్రిపూట చెమటతో జ్వరం, కాలు చచ్చుబడటం, మలమూత్రాలు పట్టు తప్పడం, యాభై దాటాక కొత్తగా మొదలైన భుజాల నొప్పి, వీటిలో ఏదున్నా సియోల్‌లో అయినా విజయవాడలో అయినా ముందు వెళ్లాల్సింది పెద్దాసుపత్రికే.

ఈ చర్చ మనకు పరాయిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల వర్గీకరణలో చైనా, జపాన్, కొరియా వైద్యాల రోగనిర్ధారణలకు ఒక అధ్యాయం ఇచ్చింది. 2025లో ఆయుర్వేద, సిద్ధ, యునానీ కూడా చేరాయి. వాతం అంటే స్వయంచోదిత నాడులేనని రాసే వ్యాసాలు మనదగ్గరా తామరతంపరగా వస్తున్నాయి. పేరుకు పేరు అతికించడం సులువు. ఏ రోగికి ఏ చికిత్స ఎంత పనిచేసిందో రాసిపెట్టడం కష్టం. కొరియా 1994లో పెట్టుకున్న సంప్రదాయ వైద్య పరిశోధన సంస్థ ఆ కష్టపు పని కొంతైనా చేస్తోంది. అమెరికా బృందాలతో కలిసి మెదడు స్కానులు తీసింది, అనుకూలం కాని ఫలితాలూ బయటపెట్టింది.

చివరిగా కషాయాలు. కొరియా కషాయాల్లో చాలావాటిలో అతిమధురం ఉంటుంది. ఎక్కువ రోజులు తాగితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, కండరాలు నీరసిస్తాయి. నొప్పికి వాడే బుజా మన వత్సనాభి జాతిది, శుద్ధి సరిగా లేకపోతే గుండె లయే తప్పుతుంది. తేనెటీగ విషం ఇంజెక్షన్ల వల్ల ప్రాణం పోయిన సందర్భం 2018లో దేశమంతా చర్చకు వచ్చింది. ఈ ముప్పులకంటే రోజూ జరిగేది ఇంకోటి ఉంది. ఆసుపత్రిలో కషాయం సంగతి చెబితే డాక్టరు కోప్పడతారని రోగి చెప్పరు, డాక్టరూ అడగరు. హనుయివోన్‌లో ఆసుపత్రి రాసిన నొప్పి మందు ప్రెగబాలిన్ సంగతి చెబితే ‘అవి మానేయండి’ అంటారని అక్కడా చెప్పరు. మందుకూ మందుకూ పడదంటే హెచ్చరించే జాతీయ కంప్యూటర్ వ్యవస్థ ఆసుపత్రి మందులను చూస్తుంది, క్లినిక్‌లో కాచిన కషాయం దానికి కనబడదు. రెండు చీటీలూ ఒకేచోట పెట్టి చూసేది ప్రస్తుతానికి రోగి ఒక్కరే.